బీరువాకి తాళం, ఫోనుకి గాలి

బీరువా తాళంచెవి అమ్మ బొడ్లో భద్రం. గేటుకి వేసిన తాళం రెండుసార్లు లాగి చూస్తేగానీ వీధి మలుపు తిరగం. ఓటీపీలు, ఆధార్, గ్యాలరీలో ఏటీఎం కార్డు ఫొటో మోసే ఫోను మాత్రం వేలితో తోస్తే తెరుచుకుంటుంది! “మన దగ్గర దాచడానికేముందిరా?” అనేవారు బాబాయిగారు. నిజమే, సిటీ బస్సులో ఫోను పోయిన సాయంత్రానికి ఖాతాలో ఏమీ లేదు.

లాక్ పెట్టేవాళ్లు ఇంకా ఘనులు. నాలుగంకెలతో 10,000 పిన్‌లు కుదిరితే, ఏరికోరి 1234 పెడతారు. మరిచిపోతామేమోనని కవరు వెనక చీటీ కూడానూ.

డబ్బు పోతే వెంటనే సైబర్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఏ ఫోన్‌తో అంటారా? పక్కవాళ్లది తీసుకోండి, దానికీ లాక్ ఉండదు.