ఆదివారానికల్లా ఏకసంథాగ్రాహి

హిమాయత్‌నగర్ రావాలంటే ఆటో ఎక్కి "లిబర్టీ" అంటే చాలు. ఆ చౌరస్తాకు పేరిచ్చిన సినిమా హాలు ఇప్పుడు లేదు. బండి నడిపే కుర్రాడిది అందులో సినిమా చూసి ఉండే వయసూ కాదు. అయినా చౌరస్తా తప్పడు. లేనిదాని పేరు చెప్పి ఉన్నచోటికి చేర్చే ఈ విద్యను నగరం ఏ వర్క్‌షాపులోనూ నేర్చుకోలేదు.

ఆ చౌరస్తాకు కూతవేటు దూరంలోనే ఓ ఆదివారం మా మనవడికి జ్ఞాపకశక్తి అమ్మారు. ధర ఐదు వేలకు ఒక్క రూపాయి తక్కువ. కొన్నది నేనే.

వాడు ఇంటర్ ఎంపీసీ, ఎంసెట్ రాయాలి. (2024లో తెలంగాణలో దాన్ని ఈఏపీసెట్ చేశారు. మా ఇంట్లో ఒక్కరి నోటికీ ఆ కొత్త పేరు రాదు. పాత జ్ఞాపకం కొత్తదానికి అడ్డుపడుతుందని మనస్తత్వ శాస్త్రం చెబుతుంది; మా ఇంటికొస్తే రుజువు చూపిస్తాను.) నారాయణగూడ నుంచి ఇటు నడిస్తే అడుగడుక్కీ కోచింగ్ బోర్డే. ఆ దారిలో ఎవరో వాడి చేతిలో కరపత్రం పెట్టారు: "ఒక్క రోజులో పది రెట్ల మెమరీ పవర్."

అద్దె హాలు, ఏసీ, చెంపకు అంటుకున్న మైకు, మెడకు టై. శిక్షకుడుగారు మొదలుపెట్టారు. "మీ మెదడు ఒక వీడియో కెమెరా. పుట్టినప్పటి నుంచీ అంతా రికార్డయ్యే ఉంది. ప్లే బటన్ ఎక్కడుందో మీకు తెలియదు, అంతే." వెనకాలే ఇంకోటి: "మనం వాడుతున్నది మెదడులో పది శాతమే." మిగతా తొంభై ఎవరు వాడుకుంటున్నారో చెప్పలేదు. నాడీ శాస్త్రం ఆ లెక్క ఎన్నడూ ఒప్పుకోలేదు. కానీ డబ్బు కట్టి కూర్చున్న తల్లిదండ్రుల్ని చూస్తే, నాతో సహా, పది నిజమేనేమో అనిపించింది.

తర్వాత తెర మీద పట్టిక. చదివితే 10 శాతం గుర్తుంటుంది, వింటే 20, చూస్తే 30, ఇలా ఎక్కాల్లా సాగింది. దీనికి ఎడ్గర్ డేల్ అనే అమెరికన్ పేరు తగిలించారు. 1946లో ఆయన గీసిన శంకువులో ఒక్క అంకె కూడా లేదు. అంకెలు తర్వాత ఎవరో అతికించారు. గుర్తుంచుకోవడం నేర్పే పట్టికకే తన పుట్టుక గుర్తులేదన్నమాట.

పిల్లల కళ్ళకు గంతలు కట్టి చదివించే మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్ కూడా ఉందట, దానికి వేరే రుసుము. ఆ గంతల మహిమ ముక్కు పక్క సందులో ఉందని హేతువాదులు ఎన్నోసార్లు చూపించారు. మధ్యమెదడంటారా, అది అందరికీ పుట్టుకతోనే పనిచేస్తుంది. పనిచేయని పిల్లాణ్ణి చేర్పించాల్సింది కోర్సులో కాదు, ఉస్మానియా ఆస్పత్రిలో.

ఇక అసలు శాస్త్రం. బోర్డు మీద మూడు డబ్బాలు గీసి, మధ్యలో బాణాలు వేశారు. ఒకటి ఇంద్రియాలది, ఒకటి కాసేపు ఉండేది, ఒకటి చిరకాలం ఉండేది. "ఇది ర్యామ్, ఇది హార్డ్ డిస్క్. మేం ర్యామ్ పెంచుతాం."

ఆ డబ్బాలు 1968లో అట్కిన్సన్, షిఫ్రిన్ గీసినవి. వాళ్ళు గీసింది ఒక ఊహాచిత్రం, తప్పైతే చెరిపేయడానికి వీలుగా. రెండేళ్ళు తిరక్కుండానే చెరపాల్సి వచ్చింది. 1970లో షాలిస్, వారింగ్టన్ ఒక రోగి సంగతి రాశారు. వరసగా రెండంకెలు చెబితే తిరిగి చెప్పడమే అతనికి కష్టం, అంటే మధ్య డబ్బాకు చిల్లు. ఆ బొమ్మ ప్రకారం చివరి డబ్బా ఖాళీగా ఉండాలి. అతను మాత్రం కొత్త సంగతులు మామూలుగానే నేర్చుకున్నాడు. 1974కల్లా బాడ్లీ, హిచ్ ఆ మధ్య డబ్బాను విప్పేసి, మాటల్ని లోలోపల వల్లించేది ఒకటి, బొమ్మల్ని పట్టి ఉంచేది ఒకటి, పెత్తనం చేసేది మరొకటి అన్నారు. శాస్త్రవేత్త డబ్బా గీసి పక్కన ప్రశ్నార్థకం పెడతాడు. మన శిక్షకుడు డబ్బా గీసి పక్కన క్యూఆర్ కోడ్ పెట్టాడు.

ప్రదర్శన మాత్రం బాగుంది, కాదనను. సభలోంచి ముప్ఫై మాటలు అరిచాం: గొడుగు, ఇరానీ చాయ్, ఏనుగు, గ్యాస్ సిలిండర్. ఆయన ముందు నుంచీ వెనక నుంచీ గడగడా అప్పగించేశాడు. ఏనుగు గొడుగు పట్టుకుని చాయ్ తాగుతున్నట్టు ఊహించుకోవడమే కిటుకు. గ్రీకు, రోమన్ వక్తల కాలం నాటిది. పని చేస్తుంది కూడా, మీకు కావలసింది సరుకుల చీటీ అయితే. మా వాడికి కావలసింది భ్రమణ జడత్వం. దాన్ని ఏ ఏనుగు మీద ఎక్కించాలో ఆ రోజు ఎవరూ చెప్పలేదు.

నాకు ఒళ్ళు మండింది తర్వాతి మాటకు: "మన అవధానులు చేసేది కూడా ఇదే. ర్యామ్ పెంచుకున్నారు."

శతావధానంలో నూరుగురు పృచ్ఛకులు. అవధాని ఒక్కొక్కరికి ఒక్కో పాదం చెబుతూ నాలుగు ఆవృత్తాలు తిరిగి, చివర ధారణలో అన్ని పద్యాలూ ఒప్పజెబుతాడు. ఉత్పలమాల అయితే పాదానికి ఇరవై అక్షరాలు, పద్యానికి ఎనభై. విడివిడి అక్షరాలుగా చూస్తే మనిషి వల్ల అయ్యే పని కాదు. ఒకసారికి ఏడు, అటూ ఇటూ రెండు అంశాలే పడతాయని జార్జ్ మిల్లర్ 1956లో అన్నాడు. తర్వాతి వాళ్ళు నాలుగంటే చాలన్నారు. కానీ అవధాని చేతిలో ఉన్నవి విడి అక్షరాలు కావు. గణాలు గురువు ఎక్కడో లఘువు ఎక్కడో ముందే తేల్చేశాయి. రెండో అక్షరం ప్రాస, పదో అక్షరం యతి. అక్కడ పడటానికి వీల్లేని మాటలన్నీ ఛందస్సే బయటికి తోసేస్తుంది. ఆ పైన ప్రబంధాలు, నిఘంటువు, ఏళ్ళ తరబడి సాధన. డబ్బా పెద్దదవలేదు, మూట కట్టడం వచ్చింది.

దీనికి అమెరికాలో ఒక ప్రయోగం సాక్ష్యం పలుకుతుంది. ఎరిక్సన్, చేజ్ అనేవాళ్ళు ఒక విద్యార్థికి అంకెలు వినిపించి తిరిగి చెప్పించారు. ఏడంకెలతో మొదలైనవాడు దాదాపు 230 గంటల సాధనతో 79కి చేరాడు. అతను పరుగుపందేల మనిషి. వినిపించిన అంకెల్ని పరుగు సమయాలుగా మూట కట్టుకున్నాడు. అంకెలు ఆపి అక్షరాలు ఇచ్చారు. మళ్ళీ ఆరు దగ్గరికొచ్చి కూర్చున్నాడు. 1980లో అచ్చైన ఈ సంగతి ఒక్కటి చాలు, "మెమరీ పవర్" అన్న మాటను కరపత్రాల్లోంచి కొట్టేయడానికి.

జ్ఞాపకం గట్టిపడే దారి లేదని కాదు. 1885లో ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ అర్థంలేని శబ్దాలు తనే వల్లించి, తనే మరిచి, లెక్క రాసుకున్నాడు. గంటకే సగానికి పైగా జారిపోయింది, ఒక రోజుకు మూడోవంతు మిగిలింది. ఎడం ఇచ్చి మళ్ళీ చదివితే నిలిచింది. పుస్తకం మళ్ళీ మళ్ళీ చదవడం కంటే, మూసి చెప్పుకుంటే వారం తర్వాత ఎక్కువ గుర్తుంటుందని 2006లో రోడిగర్, కార్పికీ చూపించారు. మా పంతులుగారు దీన్ని అప్పజెప్పడం అనేవారు. రుసుము ఒక తొడపాశం.

పదిహేను రోజులయ్యింది. మా వాడికి ఏనుగు, గొడుగు గుర్తున్నాయి. ఫార్ములాలు ఎప్పటిలాగే. నచ్చకపోతే డబ్బు వాపసిస్తామని స్టేజీ మీద అన్నారు గనుక వెళ్ళి అడిగాను.

"అలా అన్నట్టు నాకు గుర్తు లేదు సార్."

"నాకు బాగా గుర్తుంది బాబూ."

"జ్ఞాపకమంటే వీడియో కాదు కదా సార్. మనసు తనకు కావలసినట్టు కల్పించుకుంటుంది. మీరు అలా విన్నాననుకుంటున్నారు."

నోరు పెగల్లేదు. ఆయన రెండు వారాల్లో చెప్పినవాటిలో శాస్త్రం ఒప్పుకునే మాట ఇదొక్కటే. 1932లో బార్ట్‌లెట్ సరిగ్గా ఇదే రాశాడు: ఆదివాసుల కథ ఒకటి ఇంగ్లీషు చదువరులకిస్తే, తిరిగి చెప్పేసరికి అందులోని దొప్పపడవ మామూలు పడవైపోయింది. 1974లో లోఫ్టస్, పామర్ కార్ల ప్రమాదం చూపించి, కొందర్ని "ఢీకొన్నప్పుడు" అనీ కొందర్ని "నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు" అనీ వేగం అడిగారు. వారం తర్వాత, లేని గాజు పెంకుల్ని చూశామన్నవాళ్ళు మొదటి యాభైమందిలో ఏడుగురు, రెండో యాభైమందిలో పదహారుగురు. డబ్బు తీసుకునేటప్పుడు కెమెరా, తిరిగి ఇచ్చేటప్పుడు బార్ట్‌లెట్!

రసీదు తిప్పి చూస్తే వెనక చీమతలకాయంత అక్షరాల్లో ఉంది: చెల్లించిన రుసుము తిరిగి ఇవ్వబడదు.

ఇప్పుడు రోజూ రాత్రి మా వాడు పుస్తకం నా చేతికిచ్చి అప్పజెబుతున్నాడు. మీరు మాత్రం మీ పిల్లల్ని అలాంటి హాలుకు తీసుకెళ్తే, స్టేజీ మీద ఆయన మాట్లాడుతున్నప్పుడు ఫోన్ తీసి రికార్డు చేసుకోండి. నేను ఆ పని మరిచిపోయాను.