ఇల్లు కదలని వలస

మార్కాపురం, గిద్దలూరు జనం వలసపోవడానికి ఇల్లు కదలక్కర్లేదు. 1970లో కర్నూలు జిల్లాలో పడుకుని ఒంగోలు జిల్లాలో లేచారు. రెండేళ్లకు అది ప్రకాశమైంది. మొన్నీమధ్య మార్కాపురమే జిల్లా అయింది. కదలనివల్లా వెలిగొండ ప్రాజెక్టు నీళ్లే. 1996లో దానికి శంకుస్థాపన చేసిననాడు పుట్టిన పిల్లోడు ఇప్పుడు హైదరాబాదులో సెంట్రింగ్ మేస్త్రీ.

అక్కడా అంతే. రాష్ట్రం రెండైన 2014 జూన్ 2న కూకట్‌పల్లి అడ్డాలో నిలబడ్డవాడు నిలబడ్డట్టే అంతర్రాష్ట్ర వలస కార్మికుడైపోయాడు.

పరాయి రాష్ట్రంలో ఉన్నాడు కాబట్టి ప్రవాసాంధ్రుడేగా అంటారేమో. కాదు. ప్రవాసాంధ్రుడు కావాలంటే విమానం ఎక్కాలి. ఎక్కినవాళ్లకు 1977 నుంచి తానా ఉంది, రాష్ట్ర ప్రభుత్వం వారి ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ ఉంది, బీమా ఉంది. ఎర్రబస్సు ఎక్కినవాడికి మేస్త్రీ ఉన్నాడు. అడ్వాన్సు ఇచ్చేదీ, రేకుల షెడ్డు చూపించేదీ, పిల్లకు జ్వరమొస్తే ఆర్ఎంపీ దగ్గరికి పంపేదీ ఆయనే. అవన్నీ ఖాతాలో రాసుకునేదీ ఆయనే. కులసంఘం వాళ్లు కూడా కార్తీక వనభోజనాలకు తప్పకుండా పిలుస్తారు, షామియానా వెయ్యడానికి.

చట్టం లేదనకండి. 1979లోనే చేశారు. ఊరు వదిలినందుకు కాంట్రాక్టరు భత్యమివ్వాలి: నెల జీతంలో సగమో, 75 రూపాయలో, ఏది ఎక్కువైతే అది. ఆ డబ్బు కళ్లజూసిన కూలీ ఎవరైనా ఉంటే చెప్పండి, శాలువా కప్పుదాం. కొత్త లేబర్ కోడ్ ఆ భత్యాన్నే ఎత్తేసింది. ఇక అందలేదన్న ఫిర్యాదుకూ తావులేదు. రేషన్ మాత్రం నిజంగానే మేలు. 2019 నుంచి మన కార్డుకు తెలంగాణలోనూ బియ్యమిస్తారు. వేలిముద్ర పడితే చాలు. సిమెంటు తినేసిన వేలికి ముద్ర ఎక్కడిదని మాత్రం అడక్కండి.

లేబర్ శాఖ లెక్కకు అందని ఈ మనిషి అయిదేళ్లకోసారి బూత్ ఏజెంటుకు ఫోన్ నంబరుతో సహా దొరుకుతాడు. 2024 మేలోనూ దొరికాడు. "అన్నా, బస్సు పెట్టాం. వదినను కూడా తీసుకురా. దారిలో టిఫిను మాదే." ఓటేసి, వేలి మీద సిరా ఆరకముందే తిరుగు బస్సు ఎన్నింటికని అడిగితే, ఫోన్ స్విచ్చాఫ్.