ఆకాశాన్ని పక్కకు జరిపే అద్దం

నేను పోలరైజర్‌ని. కెమెరా లెన్సు ముందు మరబిగించే ఫిల్టర్‌ని. సాగదీసి అయోడిన్ పట్టించిన ఒక సన్నటి పొర, దానికి ఇటూ అటూ గాజుపలకలు: ఇదే నా ఒళ్లు. నా రింగు తిప్పుతుంటే నీటి మీది తళుకు ఒక చోట చచ్చిపోతుంది, ఇంకాస్త తిప్పితే మళ్లీ లేస్తుంది. కెమెరాకు చేరాల్సిన వెలుతురులో సగానికి పైగా నేనే తాగేస్తాను. అందుకని ఎగిరే పిట్టల్ని తీసేవాళ్లు నన్ను సంచిలోంచి బయటికి తియ్యరు. నీళ్లను తీసేవాళ్లకు మాత్రం నేను లేకపోతే సగం కథే దొరుకుతుంది.

మా మాస్టారు సైన్సు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఊరు కైకలూరు దగ్గర. కొల్లేరు సరస్సు ఒడ్డున ఆటపాకకు పక్షుల్ని చూడ్డానికి వచ్చే జనం గూడబాతుల్నీ ఎర్రకాళ్ల కొంగల్నీ చూసి మురిసిపోతుంటే, ఈయన వాటికి వీపు పెట్టి కొల్లేటి అంచున నీళ్లకేసి చూస్తుంటారు. గట్టు మీద నిలబడేది ఎప్పుడూ ఒకే చోట. తీసేది రెండేసి ఫొటోలు: తళుకు ఉన్నది ఒకటి, నా చేత చెరిపించినది ఇంకొకటి.

ఈ పని నాతో మొదలుకాలేదు. మా పెద్దల్లో నికోల్ పట్టకం అని ఒకటుండేది. 1921లో సి.వి. రామన్ ఇంగ్లండు నుంచి ఓడలో వస్తూ దాన్ని వెంట తెచ్చుకున్నారు. సముద్రం నీలం ఆకాశపు నీడే తప్ప మరేం కాదని అప్పటిదాకా కొందరు పెద్ద శాస్త్రవేత్తలు నమ్మారు. రామన్ ఆ పట్టకంతో పైపై మెరుపును అణచి చూశారు. నీలం పోలేదు సరికదా, ఇంకా చిక్కబడింది. ఆ రంగు నీటి అణువులు వెలుతురును వెదజల్లడం వల్ల వచ్చిందని ఆయన వాదించారు. విశాఖపట్నంలో బంగాళాఖాతం పక్కన చదువుకున్న పిల్లాడి కళ్లు కదా అవి, సముద్రాన్ని ఊరికే వదల్లేదు.

కొల్లేట్లో నాకు కనిపించేది దానికి తలకిందులు. మాఘమాసపు పొద్దున గట్టు మీంచి చూస్తే సరస్సంతా నీలం. నన్ను తిప్పగానే ఆ నీలం ఊడిపోతుంది, అడుగున ఆకుపచ్చో మట్టిరంగో బయటపడుతుంది. నీటి సొంత నీలం కంటికి తెలియాలంటే తేటనీరు బాగా లోతుండాలి. లోతులేని కొల్లేటికి ఆ నీలం ఆకాశం అరువిచ్చినదే. అయినా నేను అన్ని చోట్లా ఆకాశాన్ని తీసెయ్యలేను. నీటిమట్టానికి దాదాపు 37 డిగ్రీల వాలులో చూసినప్పుడే నా బలమంతా పనిచేస్తుంది. దూరాన అంత పట్టు దొరకదు. అందుకే మాస్టారి ఫొటోల్లో దగ్గరి నీరు సొంత రంగులో ఉంటుంది, దూరం నీరు ఇంకా నీలంగానే మిగులుతుంది. ఆ రెండూ కలిసే గీతను చూస్తూ నాకు ఎంతసేపైనా పొద్దుపోతుంది.

ఏడాది పొడుగునా ఆ సొంత రంగు మారుతూనే ఉంటుంది. వానాకాలం బుడమేరూ తమ్మిలేరూ ఎర్రనీరు తెచ్చి పోస్తాయి. సన్నటి ఒండ్రు వెలుతురును విసిరికొట్టి నీటిని మట్టిరంగు చేస్తుంది. "ఎర్రనీరొచ్చేసిందండి మాస్టారూ, కాస్త తేరుకున్నాక రండి" అంటాడు దోనె వేసే అబ్బాయి. "అదే కావాలయ్యా నాకు" అంటూ మాస్టారు మూడుకాళ్ల స్టాండు దింపుతారు. కిక్కిస మధ్య నిలిచిన నీటిది వేరే తీరు. ఆకులు కుళ్లి దిగిన రసం నీలం కాంతిని పీల్చేస్తుంది, నీరు టీ డికాక్షన్‌లా ఉంటుంది.

ఇక ఆకుపచ్చ. నన్ను ఎక్కువ కలతపెట్టే రంగు ఇదే. కంటికి ఆనని నాచు కణాలు నీలాన్నీ ఎరుపునూ తినేసి పచ్చను వదిలేస్తాయి. చేపల చెరువుల మేత, ఎరువులు, పైనుంచి దిగే మురుగు, అన్నీ ఆ నాచుకు తిండే. కాస్త పచ్చ ఉంటే చేపకు మేలని చెరువు రైతుకు తెలుసు. మరీ చిక్కబడితే తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి చేప పైకి తేలి నోళ్లు తెరుస్తుందనీ తెలుసు. 1999లో అభయారణ్యమై, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన సరస్సులో ఆ చిక్కటి పచ్చను నేను మామూలు రంగని ఒప్పుకోలేను.

మాస్టారు ప్రతి ఫొటో పక్కనా ఒక అంకె రాస్తారు. స్విట్జర్లాండులో జెనీవా సరస్సును చదివిన ఫోరెల్ అనే ఆయన 19వ శతాబ్దం చివర్లో రంగునీళ్లను గాజుగొట్టాల్లో పోసి నీలం నుంచి వరుసగా పేర్చాడు. ఊలె అనే జర్మనీ పండితుడు దాన్ని గోధుమరంగు దాకా పొడిగించాడు. మొత్తం 21 మెట్లు. మాస్టారు రాసే అంకె వాటిలో ఒకటి. ఇప్పటికీ నీటి రంగు కొలిచేవాళ్లు ఆ వరుసనే వాడతారు. ఇంకో సంగతి, కెమెరాను తనంతట తానే రంగులు సరిదిద్దుకోనిస్తే ఎర్రనీటిని కూడా చల్లబరిచి చూపిస్తుంది. అందుకే మాస్టారు వైట్ బ్యాలెన్సును ఎండకు కట్టేసి ఉంచుతారు.

అందం కోసం తీసిన ఫొటో అందంగా ఉంటే చాలు. సరస్సు కోసం తీసిన ఫొటోకు తారీఖు కావాలి, చోటు కావాలి, గంట కావాలి. మీ ఊళ్లోనూ చెరువుంటుంది. గట్టు మీద ఒక రాయిని గుర్తు పెట్టుకోండి. నెలకోసారి అదే వేళకు అక్కడే నిలబడి, నాలాంటిది ఉంటే దానితో ఒకటి, లేకుండా ఒకటి తియ్యండి. లేకపోతే ఫోనుతోనైనా తియ్యండి, తారీఖు రాసి దాచండి.