మిసెస్ వాలెన్స్‌కు చెప్పుల దానం

1975 ఫిబ్రవరిలో ఇంగ్లండు రాక్ బ్యాండు లెడ్ జెప్పెలిన్ వారి ‘ఫిజికల్ గ్రాఫిటీ’ బజారులోకి వచ్చింది. జంట రికార్డు. నాలుగో పక్కన ‘బూగీ విత్ స్టూ’ అని ఒక హుషారు పాట. దాని కర్తలెవరో పద్ధతిగా అచ్చువేశారు: బోనమ్, జోన్స్, పేజ్, ప్లాంట్, ఇయన్ స్టీవర్ట్, మిసెస్ వాలెన్స్. మొదటి నలుగురూ బ్యాండు. ఐదో ఆయనది పియానో. ఆరో ఆవిడ ఏం వాయించింది? ఏమీ వాయించలేదు. ఏం రాసింది? ఏమీ రాయలేదు. రాసింది ఆవిడ కొడుకు. ఆ కొడుకు పేరు మాత్రం లేదు.

పెదనాన్నలు, మేనమామలు, ‘మా బాబాయి పెళ్ళికి తప్పక రండి’ అని పిలిచే చంటిపిల్లలు, అందరి పేర్లూ వేసి పెళ్ళికొడుకుని మరిచిపోయిన శుభలేఖ నేనింతవరకూ చూడలేదు. ఇంగ్లండులో అచ్చయిందన్నమాట.

ఆ పెళ్ళికొడుకు రిచీ వాలెన్స్. రాక్ అండ్ రోల్‌కి ఇంకా పాలపళ్ళు ఊడని రోజుల్లో, 1958లో, గిటారు తగిలించుకుని వచ్చాడు. ‘డొనా’, ‘లా బంబా’లతో అమెరికాని ఒక ఊపు ఊపాడు. 1959 ఫిబ్రవరి 3న అయోవాలో విమానం కూలి, బడ్డీ హోలీతో పాటే పోయాడు. అప్పటికి పదిహేడేళ్ళు. ‘ఊ! మై హెడ్’ అని రెండు నిమిషాలైనా లేని గంతులపాట ఒకటి వదిలిపోయాడు. ‘గో, జానీ, గో!’ సినిమాలో ఆ పాట పాడుతూ కనిపిస్తాడు కూడా. కాబట్టి సాక్ష్యానికి ఊరిపెద్దల్ని పిలవక్కర్లేదు, తెర మీదే ఉంది. అది విని, ఆ చెవితోనే ‘బూగీ విత్ స్టూ’ వినండి. మాండొలిన్ చేరింది, శ్రుతి తప్పీ తప్పని పియానో చేరింది, బోనమ్ డ్రమ్ముల మోత చేరింది. అడుగున పునాది మాత్రం ఆ కుర్రాడిదే. గోడలకి కొత్త రంగు వేస్తే ఇంటి పట్టా మారుతుందా? ఇక్కడ మారింది.

పట్టా మీది పేరు సంగతి ఇంకా ముచ్చటైనది. రిచీ అసలు ఇంటిపేరు వాలెన్‌జువేలా. లాస్ ఏంజెలెస్‌లోని పకోయిమాలో పెరిగిన మెక్సికన్ కుటుంబపు బిడ్డ. అంత పొడుగు పేరు రికార్డు మీద అమ్ముడుపోదని మేనేజర్ బాబ్ కీన్ తోక కత్తిరించి వాలెన్స్ చేశాడు. తల్లి కన్సెప్సియన్ మాత్రం వాలెన్‌జువేలాయే. మరి మిసెస్ వాలెన్స్ ఎవరు? వాలెన్స్ అనే స్టేజీ పేరుకి శ్రీమతి ఎవరైనా ఉంటే అది రిచీ పెళ్ళామే అయ్యుండాలి. పదిహేడేళ్ళకే పోయినవాడికి పెళ్ళెక్కడిది? అంటే పాటలో ఆరో వాటాని ఈ లోకంలో లేని కోడలికి ధారపోశారు. పోస్టుమాన్ ఆ చెక్కు పట్టుకుని పకోయిమా వీధులన్నీ తిరిగినా ఆ పేరుగల మనిషి దొరకదు. దానం చేస్తే ఇలా చెయ్యాలి, పుచ్చుకునేవారి పేరు కూడా దాత చేతికి తోచిందే.

జిమ్మీ పేజ్ తర్వాత ఒక ఇంటర్వ్యూలో దీనికి సంజాయిషీ ఇచ్చాడు. కొడుకు హిట్ పాటల మీద ఆ తల్లికి రాయల్టీలు అందలేదని విన్నారట. మనసు కరిగి ఆమె పేరు వేశారట. ప్లాంట్ ఆ పాట మాటల మీద కాస్త ఆనుకున్నమాట నిజమేనట. ఆనుకోవడమంటే అరుగు మీద గోడకి జారబడ్డట్టు అనుకునేరు. లోపలికెళ్ళి, మంచం వాల్చుకుని, దుప్పటి కప్పుకున్నాక ఆ పనికి ఇంగ్లండు వాళ్ళు పెట్టుకున్న పేరది. ఇంతా చేస్తే, కీన్‌కి చెందిన ప్రచురణ సంస్థ కోర్టుకెక్కింది. పేజ్‌కి బాధేసింది. పాపమని పేరిస్తే పాట మొత్తం తమదేనంటారా అని! పాట ఎవరిదని అడగడం అంత మర్యాదలేని పని మరొకటి లేదని ఆయన ఉద్దేశం. ఆఖరికి కోర్టు బయటే రాజీ కుదిరింది.

మనవాళ్ళు ఎప్పుడో అన్నారు, ఆవును చంపి చెప్పులు దానం చేసినట్టని. చెప్పులు మంచివే. తోలు కూడా మేలైనదే. ఆవు ఎవరిదని మాత్రం అడగకూడదు.

పోనీ, పేరు మార్చకపోతే గతిలేదా అంటే, రాజమార్గం ఉండేది. అమెరికాలో 1909 నాటి చట్టం ప్రకారం ఒకసారి రికార్డై బయటికొచ్చిన పాటని ఎవరైనా మళ్ళీ పాడి అమ్ముకునే వీలుండేది. ఎవరి కాళ్ళూ పట్టుకోవాల్సిన పని ఉండేది కాదు. అమ్మిన ప్రతి కాపీకి పాట హక్కుదారుకి రెండు సెంట్లు కడితే సరిపోయేది. 1978 దాకా ఆ రేటు కదల్లేదు. మన సెంటు స్థలాలు కావండోయ్, డాలరులో నూరో వంతులు రెండు. ఆ రెండు సెంట్లిచ్చి ‘ఊ! మై హెడ్’ అని పేరు పెట్టి కింద ‘రిచీ వాలెన్స్’ అని వేస్తే అది కవర్. పేరు మార్చి, మనతో పాటు పియానో ఆయన్నీ కూచోబెట్టి, అడుగున అమ్మగారిని అతికిస్తే అది సొంత కవిత్వం. అప్పుడు ఆ రెండు సెంట్లూ ఇంట్లోనే తిరుగుతాయి. ఆరుగురూ సమానంగా పంచుకున్నారనే అనుకుందాం, తల్లికి సెంటులో మూడో వంతు. ‘బూగీ’ అన్న మాటకి అర్థం నిఘంటువులో వెతక్కండి, ఈ లెక్కలో ఉంది.

వాళ్ళకి మర్యాద తెలియదని కాదు. 1969లో బీబీసీకి ఎడ్డీ కోక్రన్ హిట్ ‘సమ్‌థింగ్ ఎల్స్’ పాడారు. పాట పేరు పాట పేరే, రాసినవాళ్ళ పేర్లు రాసినవాళ్ళ పేర్లే. స్టేజీ మీద పాత రాక్ అండ్ రోల్ పాటలన్నీ గుదిగుచ్చి పాడేవారు, పెద్దలకి దణ్ణాలు పెట్టేవారు. దణ్ణానికి ఖర్చేముంది? దాసుని తప్పు దండంతో సరి. రికార్డు ముద్రించేటప్పుడు మాత్రం చేతులు జోడించడానికి ఖాళీ ఉండేది కాదు. వాళ్ళ ‘హోల్ లాటా లవ్’ పాట దగ్గరా అంతే. బ్లూస్ పాటల రచయిత విల్లీ డిక్సన్ 1985లో దావా వేసి 1987లో రాజీపడితే గానీ, అందులో ఆయన మాటలున్న సంగతి ఎవరికీ జ్ఞాపకం రాలేదు. (‘స్టెయిర్‌వే టు హెవెన్’ కాపీ కేసులో మాత్రం వాళ్ళే గెలిచారు. ఆ మాట చెప్పకపోతే నాదీ వాళ్ళ లెక్కే అవుతుంది.)

ఈ పాట పుట్టిన ఇల్లు హెడ్లీ గ్రేంజ్. హాంప్‌షైర్ పల్లెలో ఒకప్పుడు బీదాబిక్కీకి కట్టించిన సత్రం లాంటిది. అక్కడికి 1971లో కోటీశ్వరులు చేరి నిరుపేదల పాటలతో పొయ్యి రాజేశారు. ఆ స్టూ అనబడే ఇయన్ స్టీవర్ట్ కథ వేరే. రోలింగ్ స్టోన్స్‌ని మొదలుపెట్టిన వాళ్ళలో ఒకడు. మొహం బ్యాండు ఫొటోకి నప్పదని 1963లో మేనేజర్ ఆయన్ని వరస లోంచి తప్పించాడు. పియానో మాత్రం వాయిస్తూనే ఉన్నాడు. పేరు కొట్టేస్తే ఎలా ఉంటుందో తెలిసిన ఒక్కగానొక్క మనిషి ఆ గదిలో ఆయనే. ఆయన పేరు పాటకే పెట్టారు. బాగుంది, ఒక చోట తీసిన పేరు ఇంకో చోట వేశారు. ఈ పాటలో మాత్రం తీసినదీ వేసినదీ ఒకే మనిషిది కాకపోవడమే చిక్కు.

ఆ ఇంట్లోనే, అదే పియానో ఆయన ఉండగా, బోనమ్ ఒకరోజు లిటిల్ రిచర్డ్ 1957 నాటి ‘కీప్ ఎ నాకిన్’ డ్రమ్ముల ఎత్తుగడ వాయించాడు. మిగతావాళ్ళు అందుకున్నారు. ‘రాక్ అండ్ రోల్’ అనే పాట తయారైంది. పేరు చూడండి! వాడి చేలో వడ్లు కోసి మన బస్తా మీద ‘వ్యవసాయం’ అని ముద్ర వేసినట్టుంది. ఆ ఎత్తుగడని మొదట వాయించిన చార్లెస్ కానర్ పేరు అందులో లేదు. డ్రమ్ముల దెబ్బలకి కాపీరైట్ ఏమిటని లాయర్లు నవ్వుతారు. నవ్వనివ్వండి.

1972లో పేజ్, ప్లాంట్ మన బొంబాయి కూడా వచ్చారు. ఇక్కడి వాద్యకారులతో తమ పాటలు రెండు రికార్డు చేశారు. అవి అధికారికంగా 2015లో గానీ వెలుగు చూడలేదు. వచ్చినప్పుడు వాయించినవారి పేరు ‘బాంబే ఆర్కెస్ట్రా’. ఊరి పేరు చాలదూ? తబలాకి, సారంగికి తల్లుల పేర్లన్నా వెయ్యాల్సింది.

క్షేత్రయ్య ఎందుకు ప్రతి పదంలోనూ మువ్వగోపాలుణ్ణి కూచోబెట్టాడో, త్యాగయ్య ఆఖరి చరణంలో తన పేరెందుకు అల్లాడో ఇప్పుడు తెలుస్తోంది. భక్తి కొంత, జాగ్రత్త కొంత. పేరు తియ్యాలంటే తాళం తప్పాలి.

ఇక్కడ రిచీ పక్షాన కన్నీళ్ళు పెట్టుకుంటున్న వాళ్ళకి ఒక ఇబ్బందికరమైన విషయం. ‘ఊ! మై హెడ్’ విన్నాక లిటిల్ రిచర్డ్ పాడిన ‘ఊ! మై సోల్’ వినండి. అది 1958లోనే వచ్చింది. ఆత్మ తీసి తల పెట్టినట్టుంటుంది. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు. కాబట్టి జెప్పెలిన్ వారి మాతృభక్తి నిజమైనదే అయితే ఆరో పేరు దగ్గర ఆగాల్సింది కాదు. లిటిల్ రిచర్డ్ అసలు ఇంటిపేరు ప్రకారం మిసెస్ పెన్నిమన్, డ్రమ్ముల కోసం మిసెస్ కానర్, ఆనక డిక్సన్ గారి తల్లి. ఇలా వరసగా వేసుకుంటూ పోతే అట్ట మీద బొమ్మకి చోటుండేది కాదు.

ఇంకో బ్యాండు కూడా రిచీ పాట పాడింది. 1987లో లాస్ లోబోస్. ‘లా బంబా’ని లా బంబా అనే పాడారు. వాలెన్స్ పాడినప్పుడు అమెరికా పట్టికలో 22 దాకా ఎక్కిన పాట, వీళ్ళ నోట ఒకటో స్థానానికి పోయింది. అది వెరాక్రూజ్ జానపదం, రిచీ కూడా దాన్ని పొలం గట్టు మీద ఏరుకున్నవాడే. వీళ్ళు ఎవరికీ చెప్పులు దానం చెయ్యలేదు. పాట పాడి ఊరుకున్నారు. ఆ వేసవిలో రిచీ పేరు జనం నోళ్ళల్లో మళ్ళీ నానింది.

నేను మాత్రం ఆ 1975 నాటి ఆరుపేర్ల వరస దగ్గరే తిరుగుతున్నాను. కొడుకు పేరుండాల్సిన చోట తల్లి పేరు ఎందుకొచ్చిందా అని చాలా రకాలుగా ఆలోచించాను. ఒక్కటే సబబుగా తోస్తోంది. బతికుంటే ఆ ఫిబ్రవరికి రిచీకి ముప్ఫై మూడేళ్ళు. కానీ పోయిననాటికి పదిహేడే కదా. మైనరు. సంతకం చెల్లదు. సంరక్షకురాలి పేరు వేశారు.