గేరు పెద్దాయన

నరసరావుపేటలోనో మాచర్లలోనో గురజాలలోనో మెకానిక్ షెడ్డు ముందు ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంటుంది. అందులో కూర్చున్న పెద్దాయన షెడ్డు ఓనరూ కాదు, రిపేరుకి వచ్చినవాడూ కాదు. పక్కనే ఆయన పాత జీపు ఉంటుంది, తాళం దానికే వేలాడుతుంటుంది. ఎవరూ ఎత్తుకుపోరు. ఒకవేళ ఎక్కినా, మొదటి మలుపులో బండి నెమ్మదించి మళ్ళీ ఫస్టు గేరు వెయ్యబోతే వచ్చే కరకర చప్పుడుకి వీధి వీధంతా బయటికొస్తుంది. పెద్దాయన సంగతంతా ఆ తాళంలోనే ఉందని నా వాదన. పైకి మాట్లాడేది బండి బలం గురించే గాని, ఆయనకు కావలసింది తను తప్ప ఇంకొకడు నడపలేని బండి. మాట కాస్త కటువుగా ఉంది కనుక రుజువులు చూపించాలి.

ముందు ఆయన పక్షాన చెప్పవలసింది చెప్పేద్దాం. ఆయనకు పని రాదనుకుంటే పొరపాటు. మహీంద్రా వాళ్ళు 1947 నుంచి మన దేశంలో బిగించిన విల్లీస్ జీపులు మూడు గేర్లవి. ఫస్టు గేరుకి సింక్రో, అంటే పళ్ళ వేగాలు తనంత తానే కలిపి గేరు చప్పుడు లేకుండా పడేలా చేసే ఏర్పాటు, లేదు. కదిలే బండిలో ఆ గేరు పడాలంటే క్లచ్ తొక్కి న్యూట్రల్‌కి తేవాలి, క్లచ్ వదిలి ఆక్సిలేటర్ మీద ఒక్క తన్ను తన్నాలి, మళ్ళీ క్లచ్ తొక్కి, ఇంజను మోత సరిగ్గా ఎక్కడికి రావాలో అక్కడికి వచ్చాక రాడ్డు తొయ్యాలి. ఇదంతా పెద్దాయన కాలు వక్క నమిలినంత తేలిగ్గా చేసేస్తుంది, చూపు రోడ్డు మీదే ఉంటుంది, మాట పత్తి రేటు మీద ఉంటుంది. యుద్ధకాలపు విల్లీస్ ఇంజను టార్కు, షెడ్డు భాషలో పుల్లింగు, సుమారు 142 న్యూటన్ మీటర్లే. అంత చిన్న ఇంజను నల్లరేగడి బురదలోంచి మిరపకాయ టిక్కీలతో లేవాలంటే ఫస్టు గేరు లోతుగా ఉండాలి. ఇంజను దాదాపు మూడు చుట్లు తిరిగితే బయటి షాఫ్టు ఒక్క చుట్టు తిరగాలి. 'ఫస్టు గేరు ఎంత లోతైతే బండి అంత గట్టిది' అని ఆయన పెట్టుకున్న సూత్రం బురదలో పుట్టింది, బురద ఉన్నంతసేపూ నిజమే.

ఈ సూత్రానికి పరీక్ష అమెరికా నుంచి వస్తుంది. ఈ తరహా పెద్దాయనలకు డాలస్‌లో ఒక కొడుకో మేనల్లుడో ఉండటం రివాజు. ఆ కుర్రాడు ఒక పాత షెవెల్ కారు కొని, అందులో 454 ఇంజను బిగించి, గేరుబాక్సు ఏది పెట్టాలని వీడియో కాల్లో అడుగుతాడు. 1970లో షెవర్లే కంపెనీ ఎల్ఎస్6 పేరుతో ఇచ్చిన 454 ఇంజను టార్కు 500 పౌండ్-అడుగులు, అంటే 678 న్యూటన్ మీటర్లు. మన జీపులు నాలుగింటిని కలిపి కట్టినా అంత రాదు. పెద్దాయన ఒక్క క్షణం కూడా తడుముకోడు. పాత మన్సీ ఎం22 పెట్టమంటాడు. దాని ముద్దుపేరు రాక్ క్రషర్ అని ఎవరో చెప్పారు, అంతే. కంకర క్రషర్ మోత వింటూ పెరిగిన చెవికి అంతకన్నా సిఫారసు అక్కర్లేదు. నిజానికి అది రాళ్ళు పిండి చేస్తుందని వచ్చిన పేరు కాదు. గేరు పళ్ళు తక్కువ వాలుతో, తిన్నగా కోసినవి. అందుకని పక్కకు తోసే ఒత్తిడి తగ్గి గట్టిగా నిలబడతాయి, దానికి మూల్యంగా క్రషర్‌లా ఏడుస్తాయి. బండలాగుడు పోటీలకు రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళని నోరు తెరిచి చూస్తేగాని గిత్తను గీత దాటనివ్వని మనిషి, గేరుబాక్సు దగ్గరికొచ్చేసరికి పళ్ళు లెక్కపెట్టకుండా పేరు చూసి బేరం కుదిర్చేశాడు.

లెక్కపెట్టి ఉంటే ఆయన సూత్రమే ఆయనకు అడ్డం తిరిగేది. ఎం22 ఫస్టు గేరు నిష్పత్తి 2.20. జీపుకన్నా పల్చన. కారణం సులువే: ఇంజనే అంత లాగుతుంటే గేరు సాయం అంతగా అక్కర్లేదు. జత బలమైనదైతే కాడి దగ్గర మనుషులు చెయ్యి వెయ్యనక్కర్లేదు గదా. కొడుకు చెప్పే ట్రెమెక్ టీకేఎక్స్ అనే కొత్త బాక్సులో ఫస్టు గేరు 2.87, పెద్దాయన సూత్రం ప్రకారం బంగారం. 600 పౌండ్-అడుగుల వరకు ఓర్చుకుంటుందని కంపెనీ హామీ. పైగా ఐదో గేరు 0.68. నాలుగో గేరులో ఇంజను వెయ్యి చుట్లు తిరిగే చోట ఐదో గేరులో 680 తిరిగితే చాలు. టెక్సాస్ హైవేల మీద గంటల తరబడి పోయేవాడికి పెట్రోలూ మిగులుతుంది, చెవులూ మిగులుతాయి. ఇన్ని ఉన్నా పెద్దాయన తల అడ్డంగా ఊపుతాడు. సూత్రం అవునన్నదాన్ని మనిషి కాదన్నాడంటే, ఆయన్ని నడిపించేది సూత్రం కాదన్నమాట.

ఇక ఆటోమేటిక్ మాటైతే ఆయన ఎత్తనే ఎత్తనివ్వడు. అది అంత బలానికి ఆగదని, అందుకే చేతి గేరు అంటున్నాడని ఆయన తరఫున ఎవరైనా అనవచ్చు. ఆగుతుంది. 1970 షెవెల్‌లో ఆ ఎల్ఎస్6 ఇంజనుకే కంపెనీ ఎం22తో పాటు టర్బో 400 అనే ఆటోమేటిక్ కూడా ఇచ్చింది. అంత దూరం ఎందుకు, మన స్కార్పియో-ఎన్ డీజిల్లో చేతి గేరుకి 370 న్యూటన్ మీటర్లు ఇచ్చిన మహీంద్రా, ఆటోమేటిక్‌కి 400 ఇచ్చింది. 'అమ్ముకునేవోడు అట్టనే చెప్తాడు' అనేది పెద్దాయన జవాబు, దానికి ఎదురు జవాబు ఉండదు.

చేతి గేరులో ఒక ఆనందం ఉంది, దాన్ని ఎందుకు తప్పుపట్టడం అనేది ఇంకా గట్టి ప్రశ్న. ఆనందాన్ని ఎవరు కాదన్నారు? ఇంజను మోత విని, పాదంతో కొలిచి, గేరు వెన్నలా దిగినప్పుడు కలిగే తృప్తి నిజమైనది. సరదాగా ఉంటుందని ఒప్పేసుకుంటే పేచీయే లేదు. ఆయన ఒప్పుకోడు. కొత్త హైడ్రాలిక్ క్లచ్ మెత్తగా ఉంటుందంటే, మెత్తటి క్లచ్ మగవాళ్ళకెందుకు అంటాడు, అటు మోకాలికి నూనె రాయించుకుంటూనే.

చివరికి కొడుకు ఎటూ టీకేఎక్సే తెప్పించుకుంటాడు. బిగించాక ఫోను గేరు రాడ్డు దగ్గర పెట్టి ఒక్కొక్క గేరూ వేసి చూపిస్తాడు. పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని ఐదూ చూస్తాడు.

"సింక్రో ఉందంటిరా దానికి?"

"అన్నిటికీ ఉంది నాన్నా."

"అంటే ఎవడు కూసున్నా గేరు పడుద్దా?"

"పడుద్ది నాన్నా."

"మరింక దేనికిరా అది!"