మేయరభ్యర్థి పద్యత్రయం: సటీక తాత్పర్యం

అవతారిక

హైదరాబాదులోని ఉప్పల్ చౌరస్తాలో మెట్రో స్తంభాలకూ, నాచారం పారిశ్రామికవాడకు పోయే దారిలో కరెంటు స్తంభాలకూ అంటించి ఉన్న ఈ కరపత్రం మూడు ఆటవెలదుల లఘుకృతి. ఆటవెలది అనగా బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు, సరి పాదాల్లో అయిదు సూర్యగణాలు ఉండే దేశి ఛందస్సు. వేమన చేతిలో ఇంటింటికీ చేరిన ఛందస్సు కావడం చేత, ఇంటింటికీ తిరగవలసిన అభ్యర్థి దీనిని ఎంచుకోవడం ఉచితంగానే ఉన్నది.

కర్త పేరు తెలియదు. పత్రం అడుగున "ఇట్లు, మేయర్ అభ్యర్థి, సామాన్య పౌరులు" అని మాత్రమే ఉన్నది. ఇందలి బహువచనం గౌరవార్థకమా, గుప్తార్థకమా అన్నది వివాదాస్పదం. 2020 మహానగర పాలక సంస్థ ఎన్నికల్లో మేయర్ పదవిని మహిళకు కేటాయించారు కనుక కర్త స్త్రీ అని కొందరు ఊహింపవచ్చును గాని, కేటాయింపులు ఎన్నికకొక తీరుగా మారుతుంటాయి కనుక ఆ ఊహకు బలం చాలదు.

రచనాకాలాన్ని మాత్రం అంతస్సాక్ష్యంతో నిర్ణయించవచ్చు. పత్రం శిరోభాగాన ఉప్పల్ స్కైవాక్ బొమ్మ ఉన్నది. స్కైవాక్ అనగా చౌరస్తాలో పాదచారులు వాహనాల మధ్య నుంచి గాక వాటి పైనుంచి దాటి మెట్రో స్టేషన్ చేరడానికి హెచ్‌ఎండీఏ, అనగా హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ, కట్టించిన 660 మీటర్ల వంతెన. అది 2023 జూన్ 26న ప్రారంభమైనది కనుక కృతి అంతకు ముందుది కానేరదు. రెండవ పద్యంలో నారపల్లి దారి స్తంభాలు ఇంకా మోడులుగానే వర్ణితమైనవి కనుక, వాటిపై రోడ్డు పడిన తరువాతిదీ కానేరదు.

ప్రథమ పద్యం

ఉప్పలందు నిలచి యోటు వేయగ వచ్చు
మేయరునకు గాదు మెంబరునకె
వారు చేతు లెత్తి వరియింతు రొక్కరి
అయిన బరిని నిలుతు నందుకొరకె

ప్రతిపదార్థం: ఉప్పలందు = ఉప్పల్‌లో, అనగా ఉప్పల్ కలాన్ పేరుతో వేరే పురపాలక సంఘంగా ఉండి 2007 ఏప్రిల్‌లో మహానగర పాలక సంస్థలో కలిసిన ఊరిలో; నిలచి = (బూత్ ముందు వరుసలో) నిలబడి; ఓటు వేయగ వచ్చు = ఓటు వేయవచ్చును; మేయరునకు గాదు = (ఆ ఓటు) మేయర్‌కు కాదు; మెంబరునకె = వార్డు సభ్యునికే, అనగా కార్పొరేటర్‌కే; వారు = ఆ కార్పొరేటర్లును, వారితో కూడిన ఎక్స్ అఫీషియో సభ్యులును, అనగా వేరే పదవిలో ఉన్న కారణాన ఇక్కడ కూడా ఓటు హక్కు కలిగిన ఎంపీలు, ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలును; చేతు లెత్తి = చేతులు పైకెత్తి; ఒక్కరి = ఒకరిని; వరియింతురు = ఎన్నుకొందురు; అయిన = అయినప్పటికిని; అందుకొరకె = ఆ మేయర్ పదవి కొరకే; బరిని నిలుతున్ = పోటీలో నిలిచెదను.

తాత్పర్యం: ఓటరు వేసే ఓటు మేయర్‌కు చెందదనీ, మేయర్‌ను సభ్యులు చేతులెత్తి ఎన్నుకొందురనీ తెలిసి కూడా, ఆ పదవికే పోటీ చేయుచున్నానని అభ్యర్థి విన్నపము.

విశేషాలు: ఇందు విరోధాభాసాలంకారము. పైకి విరోధం వలె తోచి, విచారించగా పరిహారమయ్యేది విరోధాభాసము. లేని పోటీలో నిలుచుట విరోధము. దాని పరిహారం మూడవ పద్యంలో గాని దొరకదు.

ఈ పద్యానికి చారిత్రకమైన గూఢార్థం ఒకటి కలదు. మేయర్‌ను ఓటర్లే నేరుగా ఎన్నుకొనే పద్ధతి హైదరాబాదుకు బొత్తిగా తెలియనిది కాదు. 2002లో తీగల కృష్ణారెడ్డి అట్లు ప్రత్యక్ష ఎన్నికలో గెలిచి మేయర్ అయినారు. అప్పుడు ఉప్పల్ నగరంలో లేదు. ఉప్పల్ నగరంలో కలిసి 2009లో తొలిసారి మహానగర ఎన్నికలో ఓటు వేసేనాటికి ఆ పద్ధతి లేదు. నగర మేయర్‌కు ఓటు వేసే భాగ్యం ఉప్పల్ వాసికి ఒక్కసారి కూడా పట్టలేదన్న ఈ సంగతిని కవి "మేయరునకు గాదు" అన్న రెండు మాటల్లో ఇమిడ్చినాడు, లేదా ఇమిడ్చినది.

అభ్యర్థి చట్టం ఎరుగని అమాయకుడని పూర్వపక్షము. పూర్వపక్షం అనగా ఖండించడానికి ముందుగా చెప్పే ఎదుటివాని వాదము. అది నిలువదు. పద్యంలో మూడు పాదాలు చట్టాన్ని తప్పు లేకుండా చెప్పుచున్నవి. కాలనీ గోడల మీద మేయర్ తామేనని వ్రాసికొన్న నాయకుల రాతల్లో ఆ మూడు పాదాల సమాచారం కానరాదు.

వాక్యానికి అర్థం ఏర్పడడానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడూ కావలెనని శాస్త్రము. అభ్యర్థిత్వానికీ అవే చాలును. ఆకాంక్ష, అనగా కోరిక, కర్తకు పుష్కలముగా ఉన్నది. యోగ్యత, అనగా అర్హత, ఓటరుగా నమోదై ఇరువది యొక్క సంవత్సరాలు నిండిన వారికి సామాన్యంగా ఉన్నది. సన్నిధి, అనగా చేరువ, ఒక్కటే కొరవడినది. 2020 డిసెంబరు ఎన్నికలో 150 వార్డులకు గాను టీఆర్‌ఎస్ 56, బీజేపీ 48, మజ్లిస్ 44, కాంగ్రెస్ 2 గెలిచినవి. ఆ రెండింటిలో ఒకటి ఉప్పల్ వార్డే. కూడికలో 150 అక్కడికే సరిపోయినది కనుక పార్టీ లేని వారికి మిగిలినది శూన్యము. ఏ పార్టీకీ సగం వార్డులు రాకపోయినను, 2021 ఫిబ్రవరి 11న సభలో చేతులు లేచి గద్వాల విజయలక్ష్మి మేయర్ అయినారు. ఈ దిక్కు వారికి మేయర్ పీఠం అందని పండు అనడానికి మాత్రం వీలు లేదు; 2016లో మేయర్ అయిన బొంతు రామ్మోహన్ అప్పట్లో నాచారం వలెనే కాప్రా సర్కిల్‌కు చెందిన చర్లపల్లి వార్డు నుంచి గెలిచినవారే. అందడానికి కావలసినది ఊరు కాదు, పార్టీ అని దీని వలన తేలుచున్నది.

ద్వితీయ పద్యం

స్తంభములను జూచి సంతసింపగ వలె
దారి వాని మీద దనరు దాక
నారపల్లి కింక నడచి పోవుట మేలు
బస్సు గుంతలోన బండుకొనెను

ప్రతిపదార్థం: వాని మీద = ఆ స్తంభాలపై; దారి = రోడ్డు; తనరు దాక = శోభిల్లే వరకు; స్తంభములను జూచి = స్తంభాలను మాత్రమే చూచి; సంతసింపగ వలె = సంతోషించవలెను; ఇంక = ఇకమీదట; నారపల్లికిన్ = ఉప్పల్‌కు తూర్పున వరంగల్ దారిలోని నారపల్లి ఊరికి; నడచి పోవుట మేలు = నడచి పోవుటయే ఉత్తమము; (ఏలననగా) బస్సు = బస్సు; గుంతలోన = గుంతలో; పండుకొనెను = శయనించెను.

తాత్పర్యం: పైదారి పూర్తికాలేదు, కిందిదారి మిగలలేదు, కావున కాళ్లే శరణ్యమని భావము.

విశేషాలు: ఉప్పల్ నుంచి నారపల్లి వరకు 163వ జాతీయ రహదారిపై ఆరు కిలోమీటర్లకు పైగా సాగే ఎలివేటెడ్ కారిడార్‌కు, అనగా స్తంభాలపై నడిచే రోడ్డుకు, 2018లో కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ శంకుస్థాపన చేసినారు. రెండేళ్లలో ముగియవలసిన పని 2024 నాటికి కూడా ముగియక, స్తంభాలు ఉప్పల్, పీర్జాదిగూడ, బోడుప్పల్ వాసులకు శాశ్వత పరిచితులైనవి. పైన రోడ్డు వచ్చునన్న ఆశతో కింది రోడ్డును బాగుచేయకపోవుటయు, కింది రోడ్డు తవ్వి ఉన్నది కనుక పై పనికి యంత్రాలు కదలకపోవుటయు అన్యోన్యాశ్రయ దోషమని తార్కికులు అందురు.

"బస్సు పండుకొనెను" అనుటలో అలంకార నిర్ణయం కష్టము. అచేతనమైన బస్సుకు శయనం అంటగట్టుట వలన అతిశయోక్తి అని పట్టణం నడిబొడ్డున ఉన్న విమర్శకులు పలుకగా, వానకాలంలో ఆ దారిన ప్రయాణించిన స్థానికులు ఇది ఉన్నది ఉన్నట్లు చెప్పిన స్వభావోక్తి అని ఏకగ్రీవముగా తీర్మానించిరి. రసము కరుణ.

పాఠాంతరం: ఒక ప్రతిలో "కారు గుంతలోన" అని ఉన్నది. గణాలు సరిపోయినను, నాలుగవ గణపు మొదటి అక్షరమైన బకారంతో యతి చెడును. అంతేగాక కారు ఒక పార్టీ గుర్తు. అది గుంతలో పండుకొన్నదని అచ్చువేయించినచో ఎదుటి పక్షం ఎన్నికల అధికారికి అర్జీ పెట్టును. ఛందస్సును, ప్రవర్తనా నియమావళిని ఒకే మాటతో కాపాడిన "బస్సు" పాఠమే గ్రాహ్యము.

తృతీయ పద్యం

నాల పొంగి వచ్చె నాచార మందున
ఎవరి దనిన మాది యెవ్వ రనరు
బల్దియాకు బోయి పత్ర మిచ్చిన వేళ
చెప్పి రదియు బోర్డు చేయు ననుచు

ప్రతిపదార్థం: నాచార మందున = నాచారంలో; నాల = నాలా (దీర్ఘలోపం ఛందస్సు కొరకు); పొంగి వచ్చె = పొంగి వీధిలోకి వచ్చినది; ఎవరి దనిన = ఇది ఎవరిదని అడిగినచో; మాది = మాది అని; ఎవ్వ రనరు = ఎవ్వరును అనరు; బల్దియాకు బోయి = మునిసిపల్ ఆఫీసుకు పోయి; పత్ర మిచ్చిన వేళ = అర్జీ ఇచ్చినప్పుడు; అదియు = ఆ పని కూడా; బోర్డు = జలమండలి; చేయు ననుచు = చేయునని; చెప్పిరి = సెలవిచ్చిరి.

తాత్పర్యం: పొంగిన నాలాకు వారసులు లేరని ఫిర్యాదు.

విశేషాలు: కృతి అంతటికిని ఇది హృదయము. రసము బీభత్సము, దానికి ఉద్దీపనము వాసన. అలంకారము పర్యాయము, అనగా ఒకే వస్తువు వరుసగా అనేక స్థానాల్లో నివసించుట. ఇచట ఆ వస్తువు అర్జీ.

ఆ స్థానాలు ఏవో వివరించనిదే పద్యార్థం తెలియదు. వాననీరు పోయే నాలా బల్దియాది. మురుగునీటి పైపు జలమండలిది. 1989లో ఏర్పడిన ఈ బోర్డు నగరపు మంచినీళ్లను, మురుగును చూచును, శివారు వార్డుల మురుగు బాధ్యత కూడా ఇటీవలి సంవత్సరాల్లో దానికే చేరినది. వాననీటి నాలాలో మురుగు కలిసినచో నీరు ఎవరిదన్న మీమాంస పుట్టును. పారిశ్రామికవాడ లోపల ఐలా అనే మరొక వ్యవస్థ ఉన్నది. అనగా పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ కింద నడుస్తూ, అక్కడి షెడ్ల నుంచి ఆస్తిపన్ను వసూలు చేసి, రోడ్లు, కాలువలు చూచుకొని, పన్నులో కొంత భాగాన్ని స్థానిక సంస్థకు ఇచ్చేది. కాలువకు ఐలా గేటు ఉన్నదని తెలియదు; అది లోపల పుట్టి బయట పొంగును. ఆ నీటిలో రసాయనాలు ఉన్నచో కాలుష్య నియంత్రణ మండలి, అది చెరువులో చేరినచో నీటిపారుదల శాఖ కూడా ఈ శ్లేషలో పాలుపంచుకొనును. చేయకపోవుటకు ఒక్కొక్కరి వద్ద ఉన్న కారణం చట్టబద్ధమే కావడం ఇందలి చమత్కారము. కవి ఏ అధికారినీ పేరు పెట్టి నిందింపక "చెప్పిరి" అని బహువచనంతో సరిపుచ్చుటలో ఔచిత్యం ఇదే.

ఇన్ని కార్యాలయాలుండగా అర్జీని బోర్డుకో ఐలాకో ఇయ్యక, మేయర్ పదవికే ఏల పోటీ చేయవలెనన్న ప్రశ్న మిగులును. మేయర్ అయినచో నాలాను బాగుచేయించవచ్చునని పూర్వపక్షము. 1955 నాటి మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం దీనికి ఒప్పుకొనదు. దాని ప్రకారం పని చేయించే అధికారం కమిషనర్‌ది. కమిషనర్‌ను నియమించేది రాష్ట్ర ప్రభుత్వము. మేయర్ సభకును, స్థాయీ సంఘానికిని, అనగా ఖర్చులకు ఆమోదం తెలిపే చిన్న సంఘానికిని, అధ్యక్షత వహించును. నారపల్లి స్తంభాలు జాతీయ రహదారుల విభాగానివి, మెట్రో వేరొక సంస్థది, స్కైవాక్ హెచ్‌ఎండీఏ కట్టినది, ట్రాఫిక్ పోలీసులది. రోజువారీ చెత్త, వీధి దీపాలు, దోమల మందు, నాలా పూడికతీత వంటివి మాత్రం నిస్సందేహముగా బల్దియావి; ఇండ్ల చెత్తను జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు చేర్చేదీ అదే.

కావున సిద్ధాంతము ఇది: మేయర్ కుర్చీలో కూర్చున్నవారు నాలా విషయంలో ప్రధానంగా చేయగలిగినది గట్టిగా అడగడము. సామాన్య పౌరుడు ఇన్నాళ్లూ చేయుచున్నదీ అదే. ఇద్దరి అనుభవం ఒకటే కనుక, ఆ పదవికి తనకంటె శిక్షణ పొందినవారు లేరని అభ్యర్థి వాదన. ప్రథమ పద్యంలోని విరోధానికి పరిహారం ఇట్లు లభించినది. భేదం ఒక్కటే. పౌరుడు కౌంటర్ దగ్గర అడిగినప్పుడు లోపలివారు భోజనానికి పోవచ్చును. కౌన్సిల్ సమావేశంలో సభ్యుడు అడిగినప్పుడు అధికారి లేచి నిలబడి జవాబు చెప్పవలెను, అది కార్యక్రమ నివేదికలో నమోదగును. ఆ భేదానికి మేయర్ పదవి అవసరం లేదు, వార్డు సభ్యత్వం చాలును. అభ్యర్థి ఆకాంక్ష మేయర్ అయినను, పద్యాల ఫలం కార్పొరేటర్ దగ్గరనే ఆగునని వ్యంగ్యము.

ఫలశ్రుతి

ఈ పద్యత్రయాన్ని అర్థసహితంగా పఠించిన నాచారం వాసికి పొంగినది మురుగైతే బోర్డుకు, వాననీరైతే బల్దియాకు, వాడ లోపలిదైతే ఐలాకు అర్జీ ఇయ్యవలెనన్న వివేకం కలుగును. విన్న ఉప్పల్ వాసికి స్తంభాల గురించి వార్డు అభ్యర్థి వాగ్దానం చేసినప్పుడు నవ్వు ఆపుకొనే శక్తి కలుగును. తన గుమ్మం ముందుకు వచ్చిన అభ్యర్థిని "గెలిచినచో కౌన్సిల్‌లో మొదట ఏమి అడిగెదరు?" అని ప్రశ్నించిన వారికి సగం మంది అభ్యర్థుల బెడద తప్పును. 2020లో ఈ నగరంలో ఓటు వేసినవారు నూటికి సుమారు నలుబది యారుగురు మాత్రమే. మేయర్‌కు ఓటు లేదన్న దుఃఖంతో తక్కినవారు ఇంట కూర్చున్నారనుకొన్నను, ఉన్న ఒక్క ఓటును కూడా వదలుకొనుట ఆ దుఃఖానికి మందు కాదని టీకాకారుని మతము.