ప్రకృతి ఒడి, మా సెల్లారు

హైదరాబాదు శివార్లలో ప్లాట్లు అమ్మేవాళ్ల బ్రోచర్లన్నీ 'ప్రకృతి ఒడిలో' అంటూ మొదలవుతాయి. మాదీ అలా కొన్నదే. కొన్నాక తెలిసిందేమిటంటే, ఆ ఒడిలో మనకంటే ముందే చాలామంది కూర్చుని ఉన్నారు.

మా అసోసియేషన్‌కు ప్రకృతి అంటే ప్రాణం. గేటు పక్క గోడ మీద పురి విప్పిన నెమలి బొమ్మ వేయించింది. అసలు నెమలి వచ్చి, కొత్త కారు తలుపులో తన నీడ చూసుకుని, పోటీకి ఇంకో మగాడొచ్చాడనుకుని ముక్కుతో పొడిచేసరికి మాత్రం అత్యవసర సమావేశం పెట్టింది.

"1963 నుంచీ జాతీయ పక్షండీ, ముట్టుకుంటే కేసవుతుంది" అన్నాను.

"జాతీయ పక్షయితే జాతీయ పార్కులో ఉండాలి. కేబీఆర్ పార్కు ఉన్నదెందుకు?" అన్నారు సెక్రటరీ గారు. ఆ ముక్క నెమలికి చెప్పే బాధ్యత ఎవరిదో మినిట్స్‌లో రాయలేదు.

చెట్ల సంగతీ అంతే. దసరా రోజున జమ్మి ఆకు కోసం ఊరంతా తిరుగుతాం, పాలపిట్ట కనిపిస్తే జన్మ ధన్యమంటాం. జమ్మి తెలంగాణ రాష్ట్ర వృక్షం, పాలపిట్ట రాష్ట్ర పక్షి, తంగేడు రాష్ట్ర పుష్పం. మా గేటు దగ్గర మాత్రం ముగ్గురికీ ప్రవేశం లేదు. ఖాళీ ప్లాటులో దానంతటదే మొలిచి పసుపుపచ్చగా విరగబూసిన తంగేడును పిచ్చిమొక్కల కింద జమకట్టి జేసీబీతో పీకించారు. అక్కడ విదేశాల నుంచి దిగిన కోనోకార్పస్ వరసగా పాతించారు. బతుకమ్మ నాటికి అదే తంగేడును బజార్లో బేరమాడి కొనుక్కొచ్చారు.

మా వసారాలో బట్టల తీగను ఒక తేనెపిట్ట ఆక్రమించింది. ఎండుటాకులు, పీచు, మా కరెంటు బిల్లు చింపిన ముక్కా సాలీడు దారాలతో అతికించి సంచీలాంటి గూడు వేలాడదీసింది. పక్కన గుమ్మం, గుమ్మం మీదకు వాన జల్లు పడకుండా చిన్న చూరు. కట్టిందంతా ఆడదే. మగది ఎదుటి కొమ్మ మీద నీలంగా నిగనిగలాడుతూ సంగీత కచేరీ చేసింది తప్ప ఒక్క పుల్ల మోయలేదు. మా ఆవిడ దాన్ని కాసేపు చూసి, తర్వాత నావైపు చూసింది. నేను మారుమాట్లాడకుండా తడిబట్టల బకెట్టు మేడ మీదికి మోసుకెళ్లాను.

ఇక జెర్రిపోతు. వానాకాలంలో సెల్లారులోకి వచ్చింది. దానికి విషం లేదు, ఎలుకల్ని తిని బతుకుతుంది అంటే వినేదెవరు?

"గేదెల పాలు తాగేస్తుందటండీ!"

"మన సెల్లారులో గేదెలెక్కడివండీ?"

కర్రలు లేచేలోపు పాములు పట్టే కుర్రాడొచ్చి, దాన్ని మర్యాదగా సంచీలో వేసుకుని వెళ్లాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కొన్నాళ్లకు ఎలుకలు కార్ల వైర్లు కొరకడం మొదలెట్టాయి. ఇప్పుడు బోన్లకనీ మందుకనీ మెయింటెనెన్సు పెంచారు. జీతం లేకుండా రాత్రింబవళ్లు డ్యూటీ చేసినవాణ్ణి మనమే సాగనంపామని నేనంటే, 'రూల్సు ప్రకారమే పంపాం' అన్నారు ప్రెసిడెంటు గారు.

మీ వీధిలో పాము కనిపిస్తే కర్ర ఎత్తకండి. ఏ పామో తెలియకపోతే దూరంగా నిలబడి, పట్టేవాళ్లకు ఫోను చేయండి. జెర్రిపోతేనని తేలితే మా సెల్లారులో పోస్టు ఖాళీ ఉందని చెప్పండి. వసతి, భోజనం ఉచితం.